ఇరుసు ఒక పెట్టెలోది, గేర్లు మరో పెట్టెలోవి

రేడియో నియంత్రణతో నడిచే నమూనా వాహనాలలో ‘ట్రయల్ ట్రక్కు’ అన్న మాటకు నిర్దిష్టమైన అర్థం ఉంది. అసలు జీపుకో పికప్ వాహనానికో పదో వంతు కొలతలతో తయారై, రెండు ఉక్కు పట్టీల చాసిస్ మీద నిలిచి, రాళ్లూ వేళ్లూ వాగు గట్లూ నిండిన కాలిబాట వెంట మనిషి నడకకన్న నెమ్మదిగా పాకుతూ పోయే బండిని ఆ పేరుతో పిలుస్తారు. వేగం దానికి గుణం కాదు. బోల్తా పడకుండా, చక్రం ఊరికే గిర్రున తిరగకుండా, జానెడెత్తు రాతిని ఎక్కి దిగడమే దాని ప్రతిభ. 1981లోనే ఒక జపాను సంస్థ దాదాపు ఇటువంటి బండిని అంగడికి తెచ్చినా, ఆ తరువాత పందేల మోజులో ఆ జాతి వెనకబడిపోయింది. దానిని మళ్లీ నిలబెట్టినవారు కర్మాగారాల రూపకర్తలు కారు, ఒక పెట్టెలోని ఇరుసునూ మరొక పెట్టెలోని గేర్లనూ ఇంకెక్కడిదో పైతొడుగునూ కలిపి ఏ కేటలాగులోనూ లేని బండిని కూర్చుకున్న అభిరుచిపరులు. అందువల్ల దీని చరిత్ర విడిభాగాల చరిత్ర. ఇంకా సూటిగా చెప్పాలంటే, ఎవరి ఆజ్ఞా లేకుండానే ఆ విడిభాగాలు ఒకదానిలో ఒకటి అమరేలా చేసిన కొలతల చరిత్ర.

దూరం నుంచి యంత్రాన్ని తీగ లేకుండా నడపాలన్న ఆలోచన మోటారు బొమ్మలకన్న చాలా పాతది. నికోలా టెస్లా 1898లో న్యూయార్క్‌లోని మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో ఒక చిన్న పడవను రేడియో తరంగాలతో నడిపి చూపి, ఆ ఏడాది నవంబరు 8న పేటెంటు పొందాడు; పడవను చూపి తీసుకున్న ఆ పేటెంటు శీర్షికలో నౌకలతో పాటు వాహనాల ప్రస్తావన కూడా ఉండడం గమనార్హం. 1937లో అమెరికాలోని మిషిగన్ రాష్ట్రంలో వాల్టర్ గుడ్, విలియం గుడ్ అనే కవల సోదరులు తాము కట్టిన నమూనా విమానాన్ని రేడియోతో ఎగురవేశారు. ఆ తరం ప్రయోగకర్తలకు రేడియో దుకాణంలో దొరికే వస్తువు కాదు. వాల్వులూ తీగచుట్టలూ కొని తెచ్చి తామే అతికించుకోవలసిన పరికరం. పైగా దానితో చేయగలిగింది అతి స్వల్పం. మెలిపెట్టిన రబ్బరు పట్టీ శక్తితో తిరిగే ఒక చిన్న మీట ఉండేది. చేతిలోని బొత్తాం నొక్కిన ప్రతిసారీ అది ఒక్కొక్క మెట్టు జరిగి, చుక్కానిని పూర్తిగా కుడికో, మధ్యకో, పూర్తిగా ఎడమకో తిప్పేది. కొంచెం తిప్పడమన్నది దానికి తెలియని విద్య.

ఆ కొంచెం అన్నది 1960ల మొదటి సంవత్సరాలలో డిజిటల్ ప్రపోర్షనల్ పద్ధతితో సాధ్యమైంది. చేతిలోని ట్రాన్స్‌మిటర్ మీద పుల్లను ఎంత కదిపితే బండిలోని మీట కూడా సరిగ్గా అంతే కదలడమే ఆ పద్ధతి సారాంశం. అక్కడ పనిచేసే పరికరం పేరు సర్వో: ఒక చిన్న మోటారు, దాని వేగం తగ్గించే గేర్లు, చేయి ప్రస్తుతం ఏ కోణంలో ఉన్నదో చెప్పే ఒక నిరోధం, ఆ కోణాన్నీ అందిన ఆజ్ఞనూ పోల్చి చూసే చిన్న సర్క్యూటు, ఇవన్నీ అగ్గిపెట్టెకన్న కాస్త పెద్ద డబ్బాలో ఒదిగి ఉంటాయి. దానికి అందే ఆజ్ఞ సెకనుకు దాదాపు 50 సార్లు వచ్చే విద్యుత్ స్పందన; ఆ స్పందన నిడివి సెకనులో వెయ్యో వంతుకు ఒకటిన్నర రెట్లుంటే చేయి మధ్యలో నిలుస్తుంది, ఒక రెట్టయితే ఒక కొసకూ రెండు రెట్లయితే మరో కొసకూ పోతుంది. తయారీదారులు ఎందరు మారినా ఈ భాష మారలేదు. నాలుగు దశాబ్దాల నాటి సర్వోను నేటి రిసీవరుకు తగిలిస్తే, ప్లగ్గు ఆకారం కుదిరినంత మాత్రాన, రెండూ ఒకదానినొకటి అర్థం చేసుకోవడానికి కారణం ఇదే.

నేల మీద నడిచే బండ్ల విషయానికి వస్తే, 1966లో ఇటలీలోని రెజ్జో ఎమీలియా పట్టణానికి చెందిన ఎల్‌జీ సంస్థ ఫెరారీ 250ఎల్‌ఎం కారు నమూనాను పన్నెండో వంతు కొలతలో రేడియోతో సహా అమ్మింది. అయితే ఈ అభిరుచికి వ్యాప్తి తెచ్చింది జపానులోని షిజువొకా నగరానికి చెందిన తమియా సంస్థ. 1946లో కలప వ్యాపారంగా మొదలై, కొయ్య నమూనాల మీదుగా ప్లాస్టిక్ నమూనాలకు చేరిన ఆ సంస్థ, 1976లో పోర్షే 934 నమూనాను రేడియో కారుగా విడుదల చేసింది. ఆ నమూనా కొలతల కోసం తమియావారు అసలు పోర్షే 911 కారునే కొని, మర తరువాత మర విప్పి చూశారు. నమూనా కోసం అసలు కారును విప్పడంతో మొదలైన ఈ కథ, కొత్త నమూనా కోసం పాత నమూనాలను విప్పే దశకు చేరడానికి పాతికేళ్లు పట్టింది.

1979లో తమియా ఇసుకలో పరుగెత్తే బగ్గీలను విడుదల చేసి, నున్నని తారు మీద నుంచి కార్లను మట్టిలోకి దించింది. 1981లో వచ్చిన టయోటా హైలక్స్ నాలుగు చక్రాలకూ శక్తి అందే పికప్ మాత్రం వాటికన్న భిన్నమైన ఆలోచన. దానికి లోహపు నిచ్చెన చాసిస్ ఉండేది. అంటే నిచ్చెనకు ఉన్నట్టే రెండు పొడవు పట్టీలు, వాటిని కలిపే అడ్డకమ్ములు. ముందూ వెనకా చీలిక లేని నిండు ఇరుసులు, వాటిని మోసే కమాన్ కట్టలు (లారీ మెకానిక్కులు ఆ మాటతో పిలిచేవే, ఒకదాని మీద ఒకటి పేర్చిన ఉక్కు రేకుల స్ప్రింగులు), సర్వో సాయంతో దూరం నుంచే మార్చగలిగే మూడు గేర్లు దానికి ఉండేవి. బొమ్మలో ఇంత యంత్రాంగం దేనికన్న ప్రశ్నకు జవాబు ఆనాటి అసలు వాహనాలలో ఉంది. 1953 నుంచే కాలిఫోర్నియాలోని రూబికాన్ బండదారి మీద జీపులవారు ఏటేటా గుంపుగా ప్రయాణించేవారు. 1979లో అమెరికాకు వచ్చిన నాలుగు చక్రాలకూ శక్తి అందే హైలక్స్ ముందువైపు కూడా నిండు ఇరుసుతో ఉండడం వల్ల ఆ దారుల మొనగాళ్లకు ప్రీతిపాత్రమైంది. తమియా నకలు చేసింది ఆ బండి ఆకారాన్ని మాత్రమే కాదు, దాని కింది భాగాన్ని కూడా.

ఆ పికప్ తరువాత 1985లో బ్రూయిజర్, 1992లో మౌంటెనీర్ వచ్చాయి. అవి ఖరీదైనవి, బరువైనవి, కూర్చడానికి ఓపిక కోరేవి. ఈలోగా లోకం వేరే దారిన పోయింది. 1984లో అమెరికాలోని అసోసియేటెడ్ సంస్థ ఆర్‌సీ10 అనే బగ్గీని తెచ్చాక, తేలికైన అల్యూమినియం తొట్టి చాసిస్, పొడవైన షాక్ అబ్జార్బర్లు, వేగమైన మోటారు ఇవే కొలమానాలయ్యాయి. రేడియో కారు అంటే ట్రాకు మీద పందెం కాసేది అన్న అర్థం స్థిరపడింది. నెమ్మదిగా నడిచే బండికి పందెంలో చోటెక్కడిది?

ఆ కాలపు బండ్లలో తరువాతి చరిత్రకు అనుకోకుండా ఉపయోగపడింది ఒక్కటి. 1987లో తమియా విడుదల చేసిన క్లాడ్ బస్టర్, పెద్ద పెద్ద టైర్లతో ఎగిరి దూకే మాన్‌స్టర్ ట్రక్కుకు నమూనా. దాని ప్రత్యేకత ఏమిటంటే, మోటారు చాసిస్ మధ్యలో కాకుండా ముందు ఇరుసు మీద ఒకటి, వెనక ఇరుసు మీద ఒకటి ఉండేవి. రెండు ఇరుసులూ అచ్చుగుద్దినట్టు ఒకటే కావడంతో ముందు చక్రాలే కాక వెనక చక్రాలు కూడా మళ్లేవి. రాళ్లెక్కే బండి కావాలనుకున్నవారు 2000 తరువాతి తొలి సంవత్సరాలలో ఈ ఇరుసుల విలువను గుర్తించారు. మోటారు ఇరుసు మీదే ఉంటే ప్రొపెల్లర్ షాఫ్టు అవసరం ఉండదు, బరువంతా నేలకు దగ్గరగా ఉంటుంది. వారు ఆ బండి పైతొడుగునూ చాసిస్‌నూ పక్కన పడేసి, ఇరుసులను మాత్రం ఉంచుకుని, అల్యూమినియం పలకను రంపంతో కోసి, ఆకురాయితో నున్నగా చేసి కొత్త చాసిస్ తయారుచేసుకున్నారు. ఇరుసుకూ చాసిస్‌కూ మధ్య నాలుగు లింకు కడ్డీలు అమర్చేవారు. బజారులో దొరికే మరలు తీసిన సన్నని కడ్డీకి అల్యూమినియం గొట్టం తొడిగితే లింకు తయారు. కడ్డీల కొసలలో గుండ్రని జాయింట్లు ఉండడం వల్ల ఒక చక్రం రాయి మీదికి లేచినా తక్కిన మూడూ నేలను విడవవు.

తరువాతి అడుగు డిఫరెన్షియల్‌ను చంపడం. బండి మలుపు తిరిగేటప్పుడు బయటి చక్రం ఎక్కువ దూరం పోవాలి కనుక, రెండు చక్రాలనూ వేర్వేరు వేగాలతో తిరగనిచ్చే గేర్ల కూర్పునే డిఫరెన్షియల్ అంటారు. చదునైన దారిలో అది వరం. బండల మీద శాపం, ఎందుకంటే గాలిలోకి లేచిన చక్రానికే శక్తి అంతా పోయి, నేల మీది చక్రం కదలకుండా నిలిచిపోతుంది. అందుకని ఆ చిన్న గేర్ల మధ్య ఎపాక్సీ జిగురు నింపి, ఇక ఎన్నడూ విడిగా తిరగకుండా బిగించేశారు. ఎంతో శ్రద్ధతో ఇంజనీర్లు పెట్టిన ఒక సౌకర్యాన్ని జిగురు డబ్బాతో రద్దు చేయడం ఈ అభిరుచిలో తొలి దీక్ష వంటిది. క్లాడ్ ఇరుసులు మరీ లావైనవని భావించినవారు అదే సంస్థ చిన్న ట్రక్కు టీఎల్‌టీ ఇరుసులను ఎంచుకుని, మధ్యలో వేరే బండి గేరుపెట్టెను నిలిపి, తేలికైన బండ్లు కట్టారు. తమియా కిట్లలోని ప్లాస్టిక్ భాగాలు అక్షరాలు వేసిన చట్రాలుగా వస్తాయి. ఫలానా చట్రం మాత్రమే కావాలంటే విడిగా కొనుక్కోవచ్చు. మరమ్మతుల కోసం ఉద్దేశించిన ఆ ఏర్పాటు, పూర్తి బండి కొనకుండా దాని ఇరుసును మాత్రమే తెప్పించుకునే కిటికీగా మారింది.

ఇంత నెమ్మది ఎందుకన్నదానికి భౌతికశాస్త్రం ఇచ్చే సమాధానం ఆసక్తికరం. పొడవు పదో వంతైతే ఉపరితలం వందో వంతు, ఘనపరిమాణం వెయ్యో వంతు అవుతుంది. రెండు టన్నుల అసలు పికప్‌కు పదో వంతు నమూనా, అదే సాంద్రతతో చేస్తే, సరిగ్గా రెండు కిలోలు తూగాలి. చిత్రంగా చేతితో కూర్చిన ట్రక్కులు కూడా చాలావరకు రెండు మూడు కిలోల మధ్యే తూగుతాయి. బరువు వెయ్యో వంతై, దానిని మోసే లోహపు అడ్డుకోత వైశాల్యం వందో వంతే కావడం వల్ల, నమూనాలోని ప్రతి భాగం అసలుదానికన్న పది రెట్లు తక్కువ ఒత్తిడి మోస్తుంది. ప్లాస్టిక్ గేర్లు బండల మీద బతికి బట్టకట్టడానికి కారణం అదే. కాలం మాత్రం అంత దయ చూపదు. అసలు బండి మీటరు ఎత్తు నుంచి జారిపడడానికి సెకనులో దాదాపు 45 వందో వంతులు పడితే, నమూనా పది సెంటీమీటర్ల నుంచి పడడానికి 14 వందో వంతులే పడుతుంది. ఆ తేడా పది రెట్లు కాదు, పదికి వర్గమూలమైన 3.16 రెట్లు. కనుక గంటకు 5 కిలోమీటర్లతో బండలెక్కే జీపును నమూనాలో చూపాలంటే వేగం గంటకు 1.6 కిలోమీటర్లు ఉండాలి. అంతకన్న జోరుగా పోతే కంటికి అది మళ్లీ బొమ్మే.

ఆ వేగాన్ని సాధించడం గేర్ల లెక్క. రేడియో కార్లలో సర్వసాధారణమైన 540 రకపు మోటారు 7.2 వోల్టుల దగ్గర, భారం లేనప్పుడు, నిమిషానికి 15,000 చుట్ల ప్రాంతంలో తిరుగుతుంది. గేర్లన్నీ కలిసి దానిని నలభయ్యో వంతుకు తగ్గిస్తే చక్రం నిమిషానికి 375 చుట్లు తిరుగుతుంది. టైరు వ్యాసం 11 సెంటీమీటర్లయితే గంటకు దాదాపు 8 కిలోమీటర్ల వేగం వస్తుంది. ఇది కూడా ఎక్కువే కనుక మోటారునే మార్చారు. ఆర్మేచరు మీది ఒక్కొక్క పంటికి రాగి తీగ ఎన్ని చుట్లు చుట్టారన్నదే మోటారు ‘టర్న్’ సంఖ్య. పందేలవారు చుట్లు తగ్గిస్తూ వేగం పెంచుకోగా, ట్రయల్ ట్రక్కులవారు మామూలు 27 చుట్ల చోట 35, 45, 55 చుట్ల మోటార్లు పెట్టి, వేగం సగానికి దించి, లాగే శక్తిని నిలుపుకున్నారు. వేగాన్ని హెచ్చుతగ్గులు చేసే పరికరం కూడా మారింది. పాత కార్లలో సర్వో ఒక లోహపు నాలుకను నిరోధపు పలక మీద జరిపేది. నెమ్మదిగా పోయినంతసేపూ బ్యాటరీ శక్తిలో ఎక్కువ భాగం ఆ పలక వేడెక్కడానికే ఖర్చయ్యేది. పాకడమే పనిగా పెట్టుకున్న బండికి అది ఆత్మహత్యా సదృశం. ఎలక్ట్రానిక్ స్పీడ్ కంట్రోలర్ వచ్చి ఆ బాధ తీర్చడమే కాక, మీట వదలగానే మోటారు రెండు కొసలనూ కలిపేసి, వాలు మీద బండిని ఉన్నచోటనే పట్టి ఉంచే బ్రేకును ఇచ్చింది.

ఇక్కడ ప్రస్తావించిన భాగాలన్నీ ఒకే చోట పుట్టినవి కావు, అయినా కలిశాయి. చక్రాన్ని ఇరుసు కొసకు బిగించే ఆరు పలకల ముక్క, ఎదురెదురు పలకల మధ్య 12 మిల్లీమీటర్లు ఉండడం తమియా కార్ల నుంచి పదో వంతు బండ్లన్నింటికీ పాకింది. 540 మోటారు ముఖాన మరల రంధ్రాల మధ్య దూరం 25 మిల్లీమీటర్లు, షాఫ్టు లావు 3.17 మిల్లీమీటర్లు, అంటే అంగుళంలో ఎనిమిదో వంతు. జపాను యంత్రంలో బ్రిటిష్ కొలత ఒకటి అలా నిలిచిపోయింది. మరలు చాలావరకు 3 మిల్లీమీటర్లవి, బేరింగులు లోపల 5, బయట 11 మిల్లీమీటర్ల వ్యాసం ఉన్నవి. ఇవి ఏ ప్రభుత్వమూ ఏ ప్రమాణాల సంఘమూ శాసించినవి కావు. ఒకరు పెట్టారు, అమ్ముడుపోయింది, రెండోవారు అనుసరించారు. అనుసరణ కుదరని చోట్ల నేటికీ తలనొప్పి తప్పడం లేదు. సర్వో కొసన ఉండే పళ్ల సంఖ్య ఫుటాబావారికి 25, హైటెక్‌వారికి 24, మరికొందరికి 23. ఒకదాని చేయి మరొకదానికి ఎక్కదు, ఎక్కినట్టే అనిపించి పళ్లు అరిగేదాకా తెలియదు కూడా. బ్యాటరీ ప్లగ్గుల రకాలైతే చెప్పనలవి కాదు, ఈ అభిరుచిలో టంకం పెట్టడం నేర్చుకోనివారు లేకపోవడానికి సగం కారణం అవే.

2007లో కాలిఫోర్నియాకు చెందిన ఆక్సియల్ సంస్థ ఏఎక్స్10 స్కార్పియన్ అనే కిట్‌ను తెచ్చింది. నాలుగు లింకులు, బిగించిన డిఫరెన్షియల్, నిండు ఇరుసులు: అభిరుచిపరులు రంపంతో ఆకురాయితో చేసుకున్నదంతా ఒకే పెట్టెలో దొరికింది. ఇక అందరూ కొనుక్కుంటారు, కూర్చడం ఆగిపోతుందని ఎవరైనా అనుకుని ఉంటే పొరపాటే. పెట్టెలోని ఇరుసులు మంచివి కనుక వాటినే విడిగా కొని వేరే చాసిస్‌ల కింద పెట్టారు. అదే సంస్థ 2010 ప్రాంతంలో నిచ్చెన చాసిస్‌తో, 1.9 అంగుళాల చక్రాలతో తెచ్చిన ఎస్‌సీఎక్స్10 ఈ ధోరణికి పునాది అయింది. అంతవరకు రాళ్లెక్కే బండ్లు అస్థిపంజరాల్లా ఉండేవి. దీనితో అసలు వాహనపు పోలిక తిరిగివచ్చింది. పలుచని పాలీకార్బనేటు తొడుగు బదులు, తలుపు గీతలూ కిటికీ చట్రాలూ ఉన్న గట్టి ప్లాస్టిక్ బాడీలు కావలసివచ్చాయి. న్యూ బ్రైట్ సంస్థ పిల్లల కోసం చవకగా అమ్మిన జీపు బొమ్మల పైభాగాలు అందుకు బాగా పనికివచ్చాయి. బాడీకి తగ్గట్టు ముందు వెనక ఇరుసుల మధ్య దూరం సరిచేయాలి. ఆ దూరాలలో 313 మిల్లీమీటర్లు వాడుకలో ఒక ప్రమాణంగా స్థిరపడింది. చక్రాల లోపల టైర్ల దుకాణంలో బ్యాలెన్సింగుకు వాడే అతికించే సీసపు ముక్కలు పెట్టి బరువును కిందికి దించేవారు. ఇలా కూర్చిన బండి ఖర్చు, భాగాలన్నీ లెక్క కడితే, కొత్త కిట్ ధరను దాటడం మామూలే. పొదుపు కోసం కూర్చుకున్నామని చెప్పేవారి మాటను కాస్త తగ్గించి వినాలి.

పాత రేడియోలలో ఒక చిక్కు ఉండేది. 27 మెగాహెర్ట్జ్ పట్టీలో ఆరే చానెళ్లు, ఒక్కొక్కదానికి గోధుమ, ఎరుపు, నారింజ, పసుపు, ఆకుపచ్చ, నీలం రంగు జెండా; ఒకే రంగువారు ఇద్దరు ఒకే సమయంలో మీట పట్టుకుంటే ఒకరి బండిని మరొకరు నడిపినట్టయ్యేది. ట్రాన్స్‌మిటరూ రిసీవరూ తమలో తాము ముడిపడి, ఖాళీ తరంగాన్ని తామే వెతుక్కునే 2.4 గిగాహెర్ట్జ్ పరికరాలు వచ్చాక జెండాలు మాయమయ్యాయి. భారతదేశంలో ఆ పట్టీలోని తక్కువ శక్తి పరికరాలకు 2005 జనవరి 28 నాటి ప్రకటనతో లైసెన్సు అవసరం తొలగింది. హైదరాబాదులో కోఠీ గుజరాతీ గల్లీ వంటి ఎలక్ట్రానిక్ సామాను వీధులలో ఇంజనీరింగు విద్యార్థులు ప్రాజెక్టులకు కొనే మూడు తీగల సర్వోకు, షిజువొకా కార్లలో మీట తిప్పిన సర్వోకు ఆజ్ఞాభాష ఒక్కటే.

2017లో ట్రాక్సస్ సంస్థ టీఆర్‌ఎక్స్-4తో పోర్టల్ ఇరుసులను ఈ కొలతల బండ్లకు తెచ్చింది. చక్రం దగ్గర అదనంగా ఒక జత గేర్లు పెట్టి, ఇరుసును చక్రపు మధ్యబిందువుకన్న పైకి లేపి, రాయికి తగలకుండా చేసే అమరిక అది. అసలు వాహనాలలో మెర్సిడెస్ యూనిమాగ్ దానికి ప్రసిద్ధం. డిఫరెన్షియల్‌ను దూరం నుంచే బిగించి వదలగలిగే ఏర్పాటు కూడా ఆ బండిలోనే ఉండడంతో, జిగురు డబ్బా చేసిన పని ఇప్పుడు ట్రాన్స్‌మిటర్ మీది ఒక మీట చేస్తున్నది. మరోవైపు ప్లాస్టిక్ తీగను కరిగించి పొర మీద పొరగా ఆకారం పోసే త్రీడీ ప్రింటర్లు ఇళ్లకు వచ్చాక, దొరకని బాడీలూ గేరుపెట్టె గూళ్లూ బల్ల మీదే తయారవుతున్నాయి. కొత్త ఇరుసు గూడును కంప్యూటరు తెర మీద గీసేవారు గోడల మందం, లింకుల కోణాలు తమ ఇష్టం వచ్చినట్టు మార్చుకుంటారు గానీ, ముందుగా 11 మిల్లీమీటర్ల బేరింగు గుంటనూ, మోటారుకు 25 మిల్లీమీటర్ల ఎడంతో రెండు రంధ్రాలనూ గీసి, తక్కిన బొమ్మను వాటి చుట్టూ పెంచుకుంటూ పోతారు.